ఐదు దగ్గర ఆగిన ముల్లు

మా బావ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక్కణ్ణుంచి ఆయన్ని తిట్టే ఉద్దేశంతోనే ఉన్నాను కాబట్టి మధ్యలో చెప్పడానికి చోటు దొరక్కపోవచ్చు.

ఆయన నీటి సరఫరా శాఖలో ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. పైపు ఎక్కడ వంపు తిరగాలో కాగితం మీద గీయడం ఆయన ఉద్యోగం, గీసిన గీతను మళ్లీ కొలవడం ఆయన సరదా. ఆఫీసులో ఆయనకు "మిల్లీమీటరు" అని పేరు. మా అక్క మాత్రం "ఏవండీ" అనే అంటుంది. ఆ ఏవండీని పలికే తీరులోనే మిగతా పేర్లన్నీ ఉంటాయి.

బావకు వస్తువులు కొనడం ఇష్టముండదు, ఎంచడం ఇష్టం. వాళ్ల వంటింటి అలమరకు ఇప్పటికీ తలుపుల్లేవు, ఎలాంటి బందులు వేయాలో తేలలేదు కనుక. వాళ్ల పెళ్లి ఫొటోలు స్టూడియోవాళ్లు ఇచ్చిన కవర్లోనే ఉన్నాయి. ఆల్బమ్ కొన్నారు, పెళ్లయిన వారానికే కొన్నారు. ఫొటోలు పసుపెక్కకుండా ఉండే జిగురు ఏదో బావ ఆరా తీస్తూ వచ్చాడు. ఈలోగా ఆ ఫొటోలు ఏ జిగురూ అక్కర్లేకుండానే పసుపెక్కాయి.

ఇలాంటి మనిషి చేతిలో పడిన మా అక్క చేసే ఉద్యోగమేమిటో తెలుసా? బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్నింటికి కదిలిందో నిమిషంతో సహా రాసి సంతకం పెట్టాలి. మూడు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్లు ఆవిడ కిటికీ ముందు తల దించుకుని నిలబడతారు. అదే ఆవిడ ఇంటికొచ్చి, తలుపుల్లేని అలమర ముందు నోరు మెదపకుండా వంట చేసుకుంటుంది. ఈ సంబంధం కుదిర్చిన మా నాన్న ఇప్పుడు లేడు గానీ, ఉంటే కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగేదాన్ని.

ఇక నేను. ఆపరేషన్ థియేటర్లో నర్సుని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మా బావ ఎలాగూ పెట్టుకోలేదు.

రిటైరయ్యాక బావ చెక్క లేతు పనిలో పడ్డాడు. లేతు అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం. తిరిగే చెక్కకు ఉలి ఆనించి గిన్నెలూ పళ్లేలూ తీస్తారు. ఆ లేతును మాత్రం ఆయన ఎంచలేదు. ఆఫీసులో ఆయనతో పనిచేసిన ఒకాయన ఊరు మారుతూ తెచ్చి వీళ్ల షెడ్డులో దించేసి పోయాడు. ఎంచే బాధ్యత బావకే వదిలేసి ఉంటే ఈపాటికి ఇంకా కేటలాగు ముందేసుకుని కూర్చునేవాడు, నాకు ఈ కథా తప్పేది.

రెండేళ్ల కిందట గాలివానకు డిపో గోడ మీద ఒక చెట్టు పడింది. దాన్ని కోసి పక్కన పడేశారు. కొన్ని నెలలు వానలో నాని, ఆ దుంగల లోపల నల్లటి సన్నటి గీతలు పాకాయి. అక్క అందులో ఒక ముక్కను తనే ఎంచుకుని, బస్సులో తన సీటు పక్కన పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

"ఏవండీ, దీంతో నాకో గిన్నె చేసిపెట్టండి. నేను రిటైరయ్యే రోజుకి చేతికిస్తే చాలు. ఇంకేమీ అడగను" అంది.

నిజంగానే అడగలేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ ఒక తేదీ పెట్టి అడిగిన వస్తువు అదొక్కటే.

బావ చేశాడు. ఇక్కడ నేను పెదవి విరవను. ఆ గిన్నె చూసిన రోజు ఆయన్ని తిట్టాలన్న సంగతే మరిచిపోయాను. జానెడుకు కాస్త పెద్దదైన మూతి, నాలుగు మిల్లీమీటర్ల మందంలో అంచు, ఒళ్లంతా నల్లటి గీతలు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. ఆయన చేతుల్లో పనితనం ఉంది, లేనిదల్లా ముగింపు. గిన్నె పూర్తయింది, అడుగు తప్ప.

అడుగు ఎందుకు మిగిలిందో చెప్పాలి. గిన్నెను చెక్కేటప్పుడు లేతు దాన్ని అడుగున ఇనప దవడలతో పట్టుకుంటుంది. చివర్లో ఆ దవడల గుర్తులు చెరిపి అడుగు నున్నగా తీయాలంటే గిన్నెను తిప్పి మూతివైపు పట్టుకోవాలి. నాలుగు మిల్లీమీటర్ల అంచును దవడలతో పట్టుకుంటే పుటుక్కుమంటుంది. అందుకని గిన్నెను రబ్బరు అంచున్న ఒక డ్రమ్ము మీద బోర్లించి, లోపలి గాలిని పంపుతో లాగేస్తారు. బయటి గాలే గిన్నెను డ్రమ్ముకు అదిమి పట్టుకుంటుంది. దానికి కావలసింది వాక్యూమ్ పంపు.

అంటే మా బావ ఒక పంపు ఎంచాలి. అక్క రిటైర్మెంటుకు అప్పటికి పద్నాలుగు నెలలున్నాయి.

మొదట సలహాదారులు చేరారు. ఒకాయన ఫ్రిజ్ మెకానిక్. ఏ గదిలోకి వెళ్లినా అక్కడున్న మోటారు చప్పుడు విని, దాని ఆయుష్షు చెప్పే రకం. రెండో ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి దిగిపోయిన ప్రొఫెసరు. జీవితంలో ఉలి పట్టి ఎరగడు గానీ ఏ ఉలి ఎంత కోణంలో ఉండాలో ఆయనకు తెలుసు. ఆదివారం వస్తే ముగ్గురూ షెడ్డులో చేరి పంపుల మీద పడేవారు. నూనె పోసే పంపు లోతుగా లాగుతుంది గానీ షెడ్డంతా పొగ చిమ్ముతుంది. నూనె లేని పంపు శుభ్రంగా ఉంటుంది గానీ రెక్కలు అరిగిపోతాయి. కంప్రెసరు గాలిని సన్నటి గొట్టంలోంచి తోసి లాగే పద్ధతి చవకే గానీ ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు కర్రలు పట్టుకొస్తారు. ప్రతిదానికీ ఒక "గానీ" ఉండేది. ఆ గానీ దగ్గర టీ తాగేవారు.

ఒక ఆదివారం అక్క టీ గ్లాసులు పెడుతూ, "ఇల్లు ఊడ్చే మిషనుందిగా, అదీ గాలి లాగుతుంది. దాన్ని తగిలించి చూడకూడదూ?" అంది.

ముగ్గురూ పసిపిల్లను చూసినట్టు చూశారు. గాలి ఆడకపోతే ఆ మోటారు వేడెక్కి కాలిపోతుందని బావ నలభై నిమిషాలు విడమరిచి చెప్పాడు. మాట నిజమేనట. కానీ అక్కకు అప్పటికి డ్యూటీ టైమ్ అయింది, నలభైలో మొదటి రెండు నిమిషాలే విని వెళ్లిపోయింది.

ఆదివారాలు వాళ్లింట్లోనే గడిపే నేనూ ఊరుకోలేదు. మా థియేటర్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సక్షన్ మిషన్‌తోనే పని. రక్తం, కఫం, కడిగిన నీళ్లు అన్నీ లాగేది అదే. ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో తేడా వస్తే మనిషి ప్రాణానికే ముప్పు. "బావా, గాలి లాగడం గురించి నన్నొక మాట అడగొచ్చుగా" అన్నాను.

"మీది కఫం కదా మరదలా. ఇది చెక్క" అన్నాడు.

ప్రొఫెసరు కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి నేను వాళ్లకు టీ ఇవ్వడం మానేశాను. వాళ్లు గమనించలేదనుకోండి, అది వేరే సంగతి.

వాళ్ల దృష్టంతా ఒక్క అంకె మీదే ఉండేది. గేజి మీద ముల్లు ఎంత పైకి పోతుందన్నదే. లాగే బలాన్ని పాదరసం ఎత్తులో కొలుస్తారు కాబట్టి దాని మీద సున్నా నుంచి ముప్పై అంగుళాల దాకా గీతలుంటాయి. ఇరవై ఎనిమిది చూపించే పంపు దొరికితే, ఎక్కడో ఇరవై ఎనిమిదిన్నర చూపించేది ఉందని మెకానిక్ కబురు తెచ్చేవాడు. నెలలు దొర్లిపోయాయి. అక్క వంటింటి క్యాలెండరు మీద నెల తిప్పినప్పుడల్లా షెడ్డు వైపు ఒకసారి చూసేది. ఆ చూపు నాకే గుచ్చుకునేది.

చివరికి ఇరవై తొమ్మిది చూపించే నూనె పంపు ఒకటి తేలింది. అది ఇంటికి చేరేసరికి అక్క సర్వీసులో ఒక్కటంటే ఒక్కరోజు మిగిలింది.

ఆ ఆఖరి రోజు అక్క పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్లింది. రెండింటికి దిగిపోతుంది. నాలుగింటికి డిపోలో వీడ్కోలు సభ. ఆవిణ్ణి తీసుకెళ్లాలని నేను సెలవు పెట్టి వచ్చాను. వచ్చేసరికి షెడ్డులో ముగ్గురు మహానుభావులూ హాజరు.

పంపు తగిలించారు. మెకానిక్ గొట్టం చివర బొటనవేలు పెట్టి మూశాడు. పంపు గుర్రుమంది. ముల్లు సరసరా పైకి పోయి ఇరవై తొమ్మిది దగ్గర నిలబడింది.

"చూశారా సార్! వేలు ఊడొచ్చేట్టుంది" అని మెకానిక్ పొంగిపోయాడు. బావ బొటనవేలు పెట్టాడు. ఇరవై తొమ్మిది. ప్రొఫెసరు పెట్టాడు. ఆయనకీ ఇరవై తొమ్మిదే. ముగ్గురూ వేళ్లు చూసుకుంటూ కాసేపు మురిసిపోయారు.

తరవాత గిన్నెను డ్రమ్ము మీద బోర్లించి పంపు వేశారు. ముల్లు లేచింది. మూడు దాటింది, నాలుగు దాటింది, ఐదు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కదలనంది.

బావ పంపు ఆపి మళ్లీ వేశాడు. మెకానిక్ ప్రతి అతుకు దగ్గరా సబ్బు నీళ్లు రాశాడు, బిగించిందే మళ్లీ బిగించాడు. ప్రొఫెసరు గేజిని వేలితో కొట్టాడు. ఐదు. పది గంటలైంది. పద్నాలుగు నెలలు ఎంచిన పంపు ఐదు చూపిస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. "మోసం చేశాడు వాడు, పాత సరుకు అంటగట్టాడు" అని మెకానిక్ పంపు అమ్మినవాణ్ణి తిట్టడం మొదలెట్టాడు.

నేను నా సంచీలోంచి కాస్త దూది తీసి, పోగులా సాగదీసి, గిన్నె పక్కగా పట్టుకుని వదిలాను. దూది కింద పడలేదు. చెక్కకు అతుక్కుని అలాగే ఉండిపోయింది.

"పంపు మంచిదే. గాలి చెక్కలోంచే పోతోంది. మీ బొటనవేళ్లకు చిల్లుల్లేవు, దీనికి ఒళ్లంతా చిల్లులే. నెలల తరబడి వేలు పెట్టి చూసి పంపు కొన్నారు, గిన్నె పెట్టి చూడాలని ఒక్కరికీ తోచలేదే!"

వానలో నానిన చెక్క అది. అక్కకు నచ్చిన నల్ల గీతలు పాకిందీ అందుకే. చెక్క మెత్తబడి లోపల సన్నటి దారులు తెరుచుకున్నాయి. పంపు ఎంత లోతుకు లాగగలదో చూశారు గానీ, కారే గాలిని ఎంత తోడిపోయగలదో చూడలేదు.

నా మాటకు ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని వెంటనే ఇంకో పిచ్చిపని తలపెట్టారు. "అంతేనా? చిల్లులు మూసేద్దాం సార్" అంటూ మెకానిక్ వంటింట్లోకి పోయి, అక్క గిన్నెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్ట పట్టుకొచ్చాడు. గిన్నె పక్కలంతా దాంతో చుట్టేస్తే ముల్లు మళ్లీ ఇరవై తొమ్మిదికి పోతుందట. ప్రొఫెసరు ఉత్సాహంగా కాగితం తీసి లెక్క కట్టాడు.

"మాస్టారూ, అప్పుడు గాలి ఎంత బలంతో అదుముతుందో తెలుసా? నాలుగు వందల కిలోలు! కదలమన్నా కదలదు."

"ఆ నాలుగు వందల కిలోలూ దేని మీద పడతాయి?" అన్నాను.

"గిన్నె మీద."

"ఆ గిన్నె మందమెంత?"

ప్రొఫెసరు బావ వైపు చూశాడు. మెకానిక్ చేతిలో ప్లాస్టిక్ సగం విప్పి ఉంది. నాలుగు మిల్లీమీటర్లు అని బావే నెమ్మదిగా అన్నాడు. అని, ఆ గిన్నె కేసి చూశాడు. గుడ్డు చితికినట్టు అది లోపలికి చితికిపోవడం ఆయన కళ్ల ముందు కనపడి ఉండాలి, చేత్తో స్విచ్ వెతుక్కుని పంపు ఆపేశాడు.

"మా దగ్గర గొంతులోంచి లాగేటప్పుడు నూట ఇరవై, నూట ముప్పై మిల్లీమీటర్లు దాటనివ్వం. మిషన్‌కి అయిదారు వందల దాకా లాగే శక్తి ఉంటుంది. ఉంది కదా అని పెడితే కఫంతోపాటు లోపలి పొర కూడా ఊడొస్తుంది. అంగుళానికి పాతిక మిల్లీమీటర్లు లెక్క వేసుకో. నీ ఐదు అంగుళాలు ఎంతవుతుంది?"

మిల్లీమీటర్లు అన్న మాటకు బావ తలెత్తాడు. "నూట పాతిక" అన్నాడు.

ప్రొఫెసరు మళ్లీ లెక్క కట్టాడు. "ఐదుకు డెబ్బై కిలోలొస్తాయి మాస్టారూ" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

పదకొండు దాటింది. బావ నా వైపు తిరిగాడు. పద్నాలుగు నెలల్లో పక్కూరి వడ్రంగి నుంచి పంపుల కొట్లో కాపలావాడి దాకా అందరినీ అడిగినవాడు, అప్పుడు నన్ను అడిగాడు.

"నువ్వు చెప్పు. ఐదు మీద చెక్కమంటావా?"

నిజం చెబుతాను. ఆ ప్రశ్న కోసం నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. అడిగిన రోజున ఏమనాలో బోలెడు మాటలు దాచిపెట్టుకున్నాను. తీరా అడిగేసరికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. పక్కన కూర్చుని ఎగతాళి చేయడం నాకు బాగా వచ్చు. కానీ అక్కడున్నది అక్క గిన్నె. అవునంటే, అది ఊడి గోడకు కొట్టుకుంటే, రెండింటికి వచ్చే మనిషికి నేను ముఖమెలా చూపించను? మగవాళ్లు అంకెలు పట్టుకుని ఎందుకు వేళ్లాడతారో నాకు ఆ క్షణంలో కాస్త అర్థమైంది. అంకె వెనకాల దాక్కోవచ్చు.

"పంపు వెయ్యి" అన్నాను.

ముల్లు ఐదు దగ్గరకొచ్చింది. నేను గిన్నెను రెండు చేతులా పట్టుకుని బలంగా లాగాను. రాలేదు. పక్కకు తొయ్యబోయాను. కదల్లేదు.

"చెక్కు. పల్చగా తియ్యి. వెనక నుంచి అడుగును నొక్కి పట్టే ఆ ఇనప మొనను అవసరమున్నంతసేపూ ఆనించే ఉంచు. నేను ముల్లు చూస్తుంటాను."

బావ లేతు తిప్పాడు. ఉలి ఆనించాడు. కాగితంకన్నా పల్చటి పొట్టు లేచింది. దవడల గుర్తులు ఒక్కో చుట్టుకూ కరిగిపోతున్నాయి. చివర్లో మొన తీసేశాడు, ఇక గిన్నెను పట్టుకున్నది గాలి ఒక్కటే. నేను గేజి మీంచి కళ్లు తీయలేదు. అడుగు పల్చబడే కొద్దీ గాలి ఇంకాస్త కారుతోంది. ముల్లు నాలుగున్నరకు దిగింది. నాలుగుకు దిగింది.

"చాలు బావా."

"నేను గీసిన డ్రాయింగులో అడుగు మందం ఆరు మిల్లీమీటర్లుంది. ఇంకా ఆరున్నర ఉంది. ఒక్క అర మిల్లీమీటరు" అన్నాడు చెక్కుతూనే.

మూడున్నర.

"బావా, చాలు!"

గోడకు అంటించిన తన డ్రాయింగు కేసి చూశాడాయన. తరవాత ముల్లు కేసి చూశాడు. ఉలి వెనక్కి తీసి లేతు ఆపేశాడు. ఆయన జీవితంలో అర మిల్లీమీటరు వదిలేయడం అదే మొదలు. నాకు ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది, బయటికి చెప్పలేదనుకోండి.

ఒంటిగంటన్నరకు నున్నగా రుద్దడం పూర్తయింది. సలహాదారులు భోజనాలకు వెళ్లారు.

రెండూ ఇరవైకి అక్క వచ్చింది. యూనిఫాం చీర మీదే ఉంది. చేతిలో సంచీ, జేబులాంటి చిన్న పర్సు, అంతే. డిపోలో అందరూ ఏడ్చారట, ఆవిడ మాత్రం ఏడవలేదట. ఆ మాట చెబుతూనే షెడ్డులోకొచ్చి గిన్నె చూసి ఆగిపోయింది.

చేతిలోకి తీసుకుని మొదట చేసిన పని, బోర్లించి అడుగు చూడటం. అందరూ చేసే పనే అది. వేలితో నిమిరింది. ఎక్కడా ఒక గీటు లేదు.

"ఎలా పట్టుకున్నారండీ దీన్ని?" అంది.

"అందరూ ఇరవై తొమ్మిది కావాలంటారు. అక్కర్లేదు. ఐదు చాలు. బాగా ఆలోచించి ఐదు దగ్గరే ఆపేశాను" అన్నాడు మా బావ.

ఆపేశాడట! ఆలోచించి! నేను అంటించిన దూదిపోగు ఇంకా లేతు కిందే పడి ఉంది. కాసేపటి కిందట పుట్టిన ప్రేమ అక్కడికక్కడే ఆవిరైపోయింది. అక్క నా ముఖం చూసి పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంది. ఎవరు ఆపారో ఆవిడకు చెప్పక్కర్లేదు.

"మరి దీని మీద తేదీ వెయ్యండి" అంది ఆయనతో.

"వేద్దాం. మామూలు పెన్ను పనికిరాదు. ఈ చెక్క మీద సిరా పాకుతుంది. దీనికోసం ప్రత్యేకమైన పెన్నులుంటాయి, ఏది మంచిదో కనుక్కుని..."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అక్క పర్సులోంచి డిపో పెన్ను తీసింది. గిన్నెను ఒళ్లో బోర్లించుకుని బల్ల మీద కూర్చుంది.

"ముప్పై నాలుగేళ్లు ఏ బస్సు ఎప్పుడు బయల్దేరిందో రాశాను. ఈ ఇంట్లో ఏది ఎప్పుడు పూర్తయిందో రాసే రాత రాలేదు నాకు. ఇది నేనే రాసుకుంటాను" అంది.

రాసింది. తేదీ, దాని పక్కన టైమ్, రెండూ ముప్పై ఒకటి. బావ చెప్పింది నిజమే, సిరా పాకింది. అద్దంలా ఉన్న అడుగు మీద అంకెలు నీలంగా ఉబ్బి, అలుక్కుపోయాయి.

బావ చెయ్యి దానంతటదే ఎమరీ కాగితం మీదికి పోయింది. "అర మిల్లీమీటరు మిగిలే ఉంది. అది తీసేస్తే సిరా పోతుంది. పంపు కూడా తగిలించే ఉంది..." అన్నాడు.

అక్క గిన్నెను గుండెకు హత్తుకుంది. ఆయన కేసి చూస్తూ ఉండిపోయింది, డ్రైవర్లను చూసే చూపుతో కాదు, నెలల తరబడి వంటింట్లోంచి షెడ్డు వైపు చూసిన చూపుతో.

ఆ చూపు బావకు అందింది. మొదటిసారి అందిందనుకుంటాను. ఎమరీ కాగితం కింద పెట్టేశాడు.

"వద్దులే. అలాగే ఉండనీ. అయిపోయింది" అన్నాడు.

డిపోలో ఏడవని మా అక్క అప్పుడు ఏడ్చింది.